అంచున నిలబడ్డ మనిషి

శ్రీకాకుళంలో ఫోటోల భావనారాయణ అంటే తెలియనివాళ్ళు తక్కువ. శ్రీకూర్మం గుడిలో పాటలు పాడే వంశంలో పుట్టి, ఆ విద్య అబ్బక, చెక్క కెమెరా భుజానికెత్తుకున్నాడు. పెళ్ళిపందిట్లో అరవైమందిని ఒక్క ఫోటోలో ఇరికించే వెడల్పు లెన్సు చుట్టుపక్కల అతనొక్కడి దగ్గరే ఉండేది. దాన్ని చూసి గర్వపడ్డంత శ్రద్ధగా దాని పని నేర్చుకున్నాడా అంటే, లేదు.

అతని వెంట ఎప్పుడూ భార్య లక్ష్మీకామేశ్వరి ఉండేది. జనం చేరకముందే ఆవిడ వెళ్ళి వరస చివర నిలబడేది. అతను నల్లగుడ్డ కప్పుకుని, కెమెరా వెనక అద్దంలో చూసి, అంచు ఎక్కడిదాకా పడుతుందో కొలుచుకునేవాడు.

"ఇక్కడ చాలునా? ఇంకా జరగనా?" అని ఆవిడ అక్కణ్ణించే కేకేసేది.

"చాలు, చాలు. ఇంక వచ్చెయ్."

ఆ అద్దంలో బొమ్మ తలకిందులుగా పడుతుంది. అలా తలకిందులుగా భార్య మొహాన్ని కొన్ని వందలసార్లు చూశాడు. ఒక్కసారైనా బొమ్మ పడే గాజు ప్లేటు పెట్టి తీయలేదు. ఇంట్లో మనిషే కదా, ఎప్పుడైనా తీయొచ్చు అనుకున్నాడు.

పంతొమ్మిదివందల అరవై ఆరులో పాతపట్నం దగ్గర జగన్నాధం అనే రైతు కూతురి పెళ్ళికి వెళ్ళారు. అంచు కొలిచే పని అయ్యాక కామేశ్వరి తప్పుకోబోతే జగన్నాధం ఒప్పుకోలేదు.

"అమ్మగోరూ, ఎక్కడికెల్తారు? మీరూ ఉండాల. మా గురమ్మప్ప పక్కన నిలబడండి."

గురమ్మ అతని అక్క. కామేశ్వరి ఆవిడ పక్కన, వరసకి చిట్టచివర నిలబడింది.

ఆ పూట మబ్బు పట్టి ఉంది. పిల్లలు కుదురుగా లేరు. లెన్సు మీది మీట తిప్పి లోపలి రంధ్రాన్ని చిన్నది చేస్తే బొమ్మ అంచులదాకా తేటగా వస్తుంది గానీ, ఆ వెలుతురుకి రెండు మూడు సెకన్లు ఎవరూ కదలకూడదు. బార్లా తెరిచి ఉంచితే రెప్పపాటులో పనైపోతుంది. మధ్యభాగం బాగుంటుంది, అంచులు మసకబారతాయి. అతనికి తెలియని సంగతేమీ కాదు. పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ బాగా పడితే చాలు, అంచుల్లో వాళ్ళనెవడు చూస్తాడు అనుకుని, తెరిచింది తెరిచినట్టే ఉంచి నొక్కేశాడు. ఆ అంచున ఉన్నది ఎవరో అతనికి తట్టనేలేదు.

మరుసటేడు కామెర్లొచ్చి కామేశ్వరి పోయింది.

పన్నెండో రోజు దాటాక ఆ మొహం చూడాలనిపించి, ప్లేట్ల పెట్టెలన్నీ కిందికి దించాడు. ఊళ్ళో అందరి పెళ్ళాలూ ఉన్నారు. తన పెళ్ళామే లేదు. దొరికింది పాతపట్నం ప్లేటొక్కటే. అందులో పెళ్ళికూతురి ముక్కుపుడక రాళ్ళు లెక్కపెట్టొచ్చు. కామేశ్వరి మొహం మాత్రం తడిచేత్తో తుడిచిన సుద్దగీతలా ఉంది. నవ్విందో లేదో కూడా తెలియదు. పెద్దది చేసి అచ్చువేసిన కొద్దీ ఆ మసకే పెద్దదయింది. కళ్ళు మూసుకుంటే ఆ మొహం కనిపించేది గానీ, తలకిందులుగా కనిపించేది.

ఆ కసితో కొన్నాళ్ళు రంధ్రాన్ని చివరి నంబరుదాకా, నలభై ఐదుకి మూసి తీశాడు. నంబరు పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. ఎంత మూస్తే అంత తేట అనుకున్నాడు పిచ్చివాడు. తీరా చూస్తే అంచులతోపాటు మధ్యభాగమూ మసకబారింది. మరీ చిన్న రంధ్రంలోంచి దూరితే వెలుగు చెదురుతుంది. చివరికి తన ఫోటో దుకాణం ఎదుటి గోడకి మధ్యలోనూ నాలుగు మూలలా పేపరు కాయితాలు అంటించి, నంబరుకో ప్లేటు తీశాడు. ఇరవై రెండు దగ్గర మూలనున్న చిన్న అక్షరాలు కూడా చదవొచ్చు.

ఆ ప్లేటు పట్టుకుని అన్నం తినకుండా కూర్చుండిపోయాడు. ఇంతేనా? ఆ పూట మీట ఇంకాస్త తిప్పి, కదలొద్దని నలుగురినీ గట్టిగా కసిరి ఉంటే, ఆ మొహం ఇవాళ తన దగ్గర ఉండేది.

అరవై తొమ్మిదిలో మనవడు పుట్టాడని జగన్నాధం మళ్ళీ కబురుపెట్టాడు. అదే వాకిలి, అదే సున్నం గోడ. చివర నిలబడే మనిషి లేక, భావనారాయణ వెదురుకర్ర పాతి, దానికి రుమాలు కట్టి అంచు కొలుచుకున్నాడు.

గురమ్మ వరస చివరికి వచ్చింది. "బాబూ, పోయిన పాలి నా మొకం అలికేసినట్టు వచ్చినాది. ఈ పాలైనా సరిగ్గా తియ్యి. అమ్మగోరు రాలేదేటి?"

"ఆవిడ పోయిందమ్మా. రెండేళ్ళయింది."

గురమ్మ నోటిమీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, నాకు తెల్దు బాబూ. ఆ పూట నా బుజమ్మీద సెయ్యేసి ఒకటే నవ్వు."

నవ్విందన్నమాట. భావనారాయణ గబగబా నల్లగుడ్డలో తల దూర్చాడు.

అద్దంలో అందరూ ఇరుక్కుని నిలబడి ఉన్నారు. గురమ్మకీ కర్రకీ మధ్య మాత్రం ఒక మనిషి పట్టేంత జాగా ఉంది.

"అప్పా, అటు జరగరాదా? సోటున్నాది కదా!" అని జగన్నాధం కేకేశాడు.

"ఉండనీరా," అంది గురమ్మ.

ఎప్పుడూ జరగండి, జరగండి అని ప్రాణం తీసే భావనారాయణ ఆ రోజు ఆ మాట అనలేదు. వెళ్ళి కర్ర పీకేశాడు. మీట ఇరవై రెండుకి తిప్పాడు. కదలొద్దని చెప్పి, మూడు లెక్కపెట్టాడు.

అచ్చువేస్తే, గురమ్మ చెవి కమ్మలు కూడా తేటగా వచ్చాయి. ఆవిడ పక్కన సున్నం గోడ, గోడమీద సన్నటి బీటలు, ఒక మనిషి నిలబడేంత ఖాళీ. జగన్నాధానికి ఒక కాపీ పంపి, ఇంకొకటి తన మంచం ఎదురుగా గోడకి తగిలించుకున్నాడు.