మంచమంత బోను

పెళ్ళిచూపుల రోజున మా ఆయన నన్ను చూడలేదు, టీ వడగట్టుని చూశారు.

నేను టీ తెచ్చి ఇస్తే ఒక గుక్క తాగి, కప్పు అడుగుకి చూసి, "ఏవండీ, మీ వడగట్టు ఓసారి చూపిస్తారాండీ?" అని మా అమ్మని అడిగారు. టీలో బొద్దింకేమైనా వచ్చిందేమోనని మా అమ్మ కృపమ్మకి గుండె జారిపోయింది. పరిగెత్తి తెచ్చిచ్చింది. ఈయన దాన్ని కిటికీ వెలుగుకి ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి, "ఇదిగోండి, ఇక్కడ తీగ పక్కకి జరిగింది. పొడి ఇందులోంచే దిగుతోంది" అన్నారు. గుమ్మం వెనక మా తమ్ముడు అజయ్ నోట్లో తువ్వాలు కుక్కుకున్నా నవ్వు ఆగలేదు. "అక్కా, రేపు నిన్ను కూడా ఇలాగే వెలుగుకి ఎత్తి చూస్తాడు, చూసుకో" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా ఒప్పుకున్నాను. మొహమాటానికి తాగేసి లేచిపోకుండా ఉన్నమాట అన్నాడు కదా అనిపించింది.

ఆయన పేరు క్రాంతి కుమార్. ఏలూరులో ఐటీఐ చదివి, హైదరాబాదు వెళ్ళి మందుల ఫ్యాక్టరీలకి ఫిల్టర్లు చేసే షెడ్డులో పని నేర్చుకుని, తిరిగొచ్చి తాడేపల్లిగూడెంలో సొంతంగా పెట్టుకున్నారు. ఉల్లిపాయల మార్కెట్టు దాటాక మా రేకుల షెడ్డు. చేసేవి జల్లెడలు. అంటే పిండి జల్లించుకునేవి కావు. రైసుమిల్లులో బియ్యాన్నీ నూకల్నీ విడదీసేవి, తవుడు నూనె వడగట్టేవి, చేపల మేత ఫ్యాక్టరీలో పొడి రాల్చేవి. నేను తీగవల కత్తిరిస్తాను, అంచులు మడుస్తాను. ఆ ఉల్లిపాయల ఘాటుకి ఏడుస్తున్నానో, ఈయనతో వేగలేక ఏడుస్తున్నానో చూసేవాళ్ళకి తెలిసేది కాదు.

వేగడం అంటే ఊరికే అనలేదు. మిల్లువాళ్ళు చిరిగిన జల్లెడ ముక్క తెచ్చి, "ఇలాంటిదే ఒకటి చేసి పెట్టండి" అంటారు. చేసి ఇచ్చేస్తే పోయె! ఈయన ఇవ్వరు. "ముందు ఇది ఎందుకు చిరిగిందో చూద్దాం పదండి" అని వాళ్ళ వెంట మిల్లుకి వెళ్ళి, మిషను పక్కన గొంతుక్కూర్చుని, ధాన్యం ఎక్కడ పడుతోందో, ఎక్కడ రాసుకుంటోందో పూటంతా చూస్తారు. తీగ సన్నగా ఉంటే దారి ఎక్కువ, బలం తక్కువ. తీగ లావైతే బలం ఎక్కువ, దారి తక్కువ. మా ఆయన బతుకంతా ఈ రెంటి మధ్యే గడిచింది. "మీరు జల్లెడలు చేస్తున్నారా, జల్లెడకి జాతకం రాస్తున్నారా?" అని నేను దెప్పేదాన్ని. నవ్వేసి ఊరుకునేవారు.

మా పుట్టిల్లు కొల్లేటి అంచున. నాన్న పోయాక అజయ్‌ని నేనే చంకనేసుకుని పెంచాను. వాడు పెద్దయ్యి, పెళ్ళి చేసుకుని, గుండుగొలను అవతల చేపల చెరువుల మీద పనికి కుదిరాడు. ఆ చెరువుల్ని లీజుకి చేసేది భాస్కరరావు గారు. ఆయన నోట 'అండీ' లేకుండా మాట రాదు. గట్టెక్కిన కుక్కని తోలినా "వెళ్ళండి" అంటారేమో.

కాలవలోంచి చెరువులోకి ఇంజనుతో నీళ్ళు తోడతారు. కాలవలో మునిగే గొట్టం మూతికి జాలీ బోను ఒకటి బిగిస్తారు. అది లేకపోతే గుర్రపుడెక్కా, కొర్రమీన్లూ చెరువులోకి వచ్చేస్తాయి. ఒక్క కొర్రమీను దూరితే చాలు, చెరువులో పెంచే శీలావతి చేపపిల్లల్ని మిగల్చదు. భాస్కరరావు గారి బోను బిందె అంత ఉండేది. ఊరికే మూసుకుపోయేది. ఇంజను ఆపితే మళ్ళీ గొట్టం నిండా నీళ్ళు పట్టించడం పెద్ద తంతు కాబట్టి అక్కడెవరూ ఆపరు. మనిషే దిగుతాడు. ఇంజను లాగుతుండగానే బోను చుట్టూ చేతులు పోనిచ్చి గుర్రపుడెక్క పీకి పారేస్తాడు. మా తమ్ముడి పని అదే. నీళ్ళలో నాని నాని వాడి కాలివేళ్ళు పాసిపోయేవి.

ఓసారి ఆ బోను చిరిగితే బాగుచెయ్యమని అజయ్ వాళ్ళ బావని తీసుకెళ్ళాడు. అలవాటు ప్రకారం ఈయన ఎందుకు చిరిగిందో చూద్దామని నీళ్ళలోకి దిగి బోను మీద అరచెయ్యి ఆనించారు. చెయ్యి ఊడి రాలేదు. రెండో చేత్తో లాగినా రాలేదు. వేషాలేస్తున్నారనుకుని అజయ్ గట్టు మీద నవ్వుతున్నాడట. చివరికి ఇంజను ఆపాక గానీ చెయ్యి బయటికి రాలేదు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కలపకుండా అలాగే ఉండిపోయారు. "జ్యోత్స్నా, జ్యూసు తాగే గొట్టానికి నాలుక అడ్డం పెడితే పట్టేస్తుంది చూడు, అలా పట్టిందే. చెయ్యి కాబట్టి సరిపోయింది. అజయ్ ఎప్పుడైనా రొమ్ము ఆనించాడంటే?"

"వాణ్ణి ఆ పని మానిపించెయ్యండి" అన్నాను.

"వాడు మానేస్తే ఇంకొకడు దిగుతాడు. మార్చాల్సింది బోనుని."

మర్నాడు అజయ్‌ని షెడ్డుకి రప్పించి, గచ్చు మీద వెల్లకిలా పడుకోబెట్టి, వాడి చుట్టూ సుద్దముక్కతో గీత గీశారు. ఆ గీత చుట్టూ ఇంకా పెద్దగా, మంచమంత బోను గీశారు. "నీళ్ళు ఎప్పుడూ వెళ్ళినన్నే వెళ్ళాలి, కానీ ఎక్కడా గట్టిగా లాక్కూడదు. మనిషి నిలువెల్లా అడ్డం పడినా పక్కనుంచి బోలెడు దారి మిగలాలి" అన్నారు. "అయితే నేను లావెక్కకూడదన్నమాట బావా" అన్నాడు వాడు గచ్చు మీంచి. "చచ్చినవాణ్ణి గీసినట్టు ఏంటండీ ఆ గీతలు, చెరపండి ముందు!" అని నేనే నీళ్ళు పోసి కడిగేశాను.

బొమ్మ చూసి భాస్కరరావు గారు తెల్లబోయారు. "ఏవండీ, మనం నీళ్ళు తోడుకుంటున్నామా, పులిని పడుతున్నామా?" అన్నారు. ఖర్చన్నారు. ఈయన కూలి వద్దన్నారు. నేను కూడా వద్దనే అన్నాను, నా తమ్ముడి ప్రాణం కదా. నెమ్మదిగా ఒప్పుకున్నారు.

ఆ బోనంత శ్రద్ధగా మా షెడ్డులో ఇంకేదీ తయారవ్వలేదు. మందపాటి స్టెయిన్‌లెస్ తీగ తెచ్చారు. గళ్ళు ఎంతుండాలో తేల్చుకోవడానికి కొర్రమీను పిల్లల్ని బక్కెట్లో తెచ్చి రకరకాల తీగవల ముక్కల మీద వదిలి చూశారు. ముందువైపు వాలుగా పెట్టారు, గుర్రపుడెక్క వచ్చి గుద్దుకుంటే ఆ వాలు మీద పైకి జరిగేలా. పైన నిలబడడానికి ఇనప పలక. పొడవాటి కర్రకి ఇనప పళ్ళు అతికించి, పలక మీంచే లాగెయ్యమన్నారు. నీళ్ళలోకి దిగే పనే లేదు.

బిగించిన రోజు మేమంతా గట్టు మీదే ఉన్నాం. ఇంజను వేశాక ఈయన ముందు చెయ్యి ఆనించారు. సునాయాసంగా వచ్చేసింది. అజయ్ చొక్కా విప్పేసి దిగి, బోనుకి వీపు ఆనించి కూర్చుని, తల దువ్వుకుంటూ ఫొటో తీయించుకున్నాడు. వాడి భార్య రూబీ, "వదినా, మా సొంత అన్నయ్య కూడా ఇంత చెయ్యడు. అన్నయ్యగారు చేశారు" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ యేడంతా అజయ్ కాళ్ళు పొడిగా ఉన్నాయి. నాకు ఆ ముచ్చటే చాలనిపించింది.

ఇల్లలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అనలేదు.

మరుసటి వేసవికి నీళ్ళ కటకట వచ్చింది. కాలవలు కట్టేశారు, చెరువులు అడుగంటాయి, చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలుతున్నాయి. ఎగువనుంచి నీళ్ళు వదిలారని తెలియగానే కొల్లేరు కొల్లేరంతా ఇంజన్ల మీద పడింది. ఎవడు ముందు తోడుకుంటే వాడివి.

ఆ మధ్యాహ్నం మేం అన్నం తింటున్నాం. అజయ్ దగ్గర్నుంచి ఫోనులో వీడియో వచ్చింది. రెండు లావుపాటి గొట్టాలు చెరువులోకి నీళ్ళు కుమ్మరిస్తున్నాయి. వాడి గొంతు వెనకాల: "బావా, చూడు! రెండు ఇంజన్లూ నీ ఒక్క బోను మీదే లాగుతున్నాయి. నీ బోనుకి తిరుగులేదు!"

మా ఆయన ఎంగిలి చేత్తోనే లేచారు. ఫోను చేశారు. మోగుతోంది, ఎత్తడంలేదు. మళ్ళీ చేశారు. "ఆ బోను ఒక ఇంజనుకే కదే కట్టింది" అన్నారు నాతో, నేనేదో అడ్డం చెప్పినట్టు. బండి తీశారు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా వెనక ఎక్కాను. హైవే పొడుగునా ఫోను చేస్తూనే ఉన్నాను. "ఎత్తరా వెధవా, ఎత్తు" అని తిడుతూనే ఉన్నాను.

గుండుగొలను దాటి చెరువుల దారి పట్టాక ఎటు చూసినా ఇంజన్ల మోతే. భాస్కరరావు గారి గట్టు మీదికి తిరిగాం. అక్కడ మోత లేదు. నీళ్ళ కోసం జనం కొట్టుకు చస్తున్న రోజున ఇంజన్లు ఎవరు ఆపుతారు? మా ఆయన బండి ఆపి, స్టాండు వెయ్యడం మరిచిపోయి, అలాగే వదిలేశారు. అది పడిపోయింది. నేను కూడా దాంతో పాటే పడ్డాను.

తమ్ముణ్ణి టార్పాలిన్ మీద పడుకోబెట్టారు. వాడి తోటి పనివాడు తాతారావు చెప్పాడు. రెండు ఇంజన్ల లాగుడుకి కాలవలోని గుర్రపుడెక్కంతా వచ్చి బోనుని దుప్పటిలా కప్పేసిందట. వాలు మీద పైకి జరగలేదట. అజయ్ పలక మీంచి లాగుతుంటే పళ్ళకర్ర అందులో ఇరుక్కుపోయింది. దాన్ని తీద్దామని దిగాడు. నీళ్ళు నడుం లోతే. వంగి, కింది మూల కాస్త డెక్క తప్పించాడు. లాగుడంతా ఆ ఒక్క మూలకి వచ్చింది. వాడి రొమ్ము దానికి అడ్డం పడింది, తల నీళ్ళలోనే ఉండిపోయింది. తాతారావు పరిగెత్తి ఒక ఇంజను ఆపాడు. రెండోది గట్టు మలుపు అవతల ఉంది.

వాడి రొమ్ము మీద గళ్ళు పడి ఉన్నాయి, చిన్నవి, వరసగా. మా ఆయన పక్కన కూర్చుని వాటి మీద చెయ్యి వేసి, తియ్యలేదు. ఆ గడి ఎంతుండాలో తేల్చింది ఆయనే.

భాస్కరరావు గారు నిజంగానే ఏడ్చారు. "బోను అంత బాగా నీళ్ళిస్తుంటే, ఇంకో ఇంజను పెడితే ఏం పోతుందిలే అనుకున్నానండీ. చేపలు చచ్చిపోతున్నాయండీ" అన్నారు. ఏం పోతుంది? నా తమ్ముడు పోయాడు. ఒక్క ముక్క అడిగి ఉంటే మా ఆయన చెప్పేవారు కదా! అడగడానికి నోరు రాలేదు, గొట్టానికి గొట్టం అతికించడానికి చేతులొచ్చాయి. ఆ గట్టు మీద ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. తల వంచుకుని పడ్డారు. సాయంత్రానికి చెరువు తరఫు మనుషులు మాత్రం, కుర్రాడు ఈత రాక మునిగిపోయాడని చెప్పుకున్నారు. కొల్లేట్లో పుట్టినవాడికి ఈత రాదట!

చర్చి పక్కన సమాధి చేశాం. వాడి కోసం పెట్టుకున్న ఆదరణ కూడిక ప్రార్థన నాడు భాస్కరరావు గారు మళ్ళీ వచ్చారు. ప్రార్థన అయ్యాక మా ఆయన్ని పక్కకి పిలిచి మెల్లగా, "బోనులో లోపమేం లేదండీ క్రాంతి గారూ. మిగతా చెరువులకి కూడా మీరే చేసిపెట్టాలండీ" అన్నారు. నేను చెప్పు తియ్యబోయాను. పాస్టరు గారు చూస్తున్నారని ఆగాను.

ఆ తరవాత మా ఆయన షెడ్డులోంచి బయటికి రాలేదు. మిల్లు పనులన్నీ మూలన పడేశారు. గచ్చు నిండా గీతలే. చివరికి ఒక చిన్న బోను చేశారు, చేత్తో పట్టుకునేంత నమూనా. దానికి పక్కన ఒక తలుపు, సన్నటి మేకులతో నిలిపారు. లాగుడు మితిమీరితే ముందు ఆ మేకులు విరిగి తలుపు లోపలికి ఊడిపోతుంది, నీళ్ళు అటు మళ్ళుతాయి, మనిషి విడిపోతాడు. డ్రమ్ములో పెట్టి, మోటారుతో లాగించి, మళ్ళీ మళ్ళీ చూసుకున్నారు. "ఇంక రెండు కాదు, ఎన్ని ఇంజన్లు పెట్టినా మనిషిని పట్టదే" అన్నారు. వాడు పోయాక ఆయన గొంతులో ప్రాణం వినిపించడం అదే మొదలు.

"రూబీకి చూపిస్తాను. దానికి తెలియాలి" అన్నారు. వద్దని నాకు చెప్పాలనిపించింది. కానీ ఆ మొహం చూసి వెంట వెళ్ళాను.

రూబీ వాకిట్లో బియ్యం కడుగుతోంది. మమ్మల్ని చూసి లేచి, చెయ్యి తుడుచుకుని, కుర్చీలు వేసింది. ఈయన కుర్చీ మీద కూర్చోలేదు, ఆ పిల్ల ముందు నేల మీద కూర్చుని నమూనా విప్పి చూపించారు. మేకులు ఎలా విరుగుతాయో, తలుపు ఎలా పడుతుందో, నీళ్ళు ఎటు పోతాయో, అన్నీ చెప్పారు. పిల్ల శ్రద్ధగా విన్నది. తలుపుని వేలితో నొక్కి చూసింది. అది టక్కున లోపలికి పడిపోయింది.

"బాగుందండీ అన్నయ్యగారూ" అంది.

ఆ తరవాత ఏడవకుండా, కోపం లేకుండా, ఇంటికొచ్చిన పెద్దవాళ్ళని మంచినీళ్ళు కావాలా అని అడిగినంత మర్యాదగా అడిగింది:

"మీరు ఆ పాత బోనే బాగుచేసి ఇచ్చేసి ఉంటే, రెండో ఇంజను పెట్టేవారు కాదు కదండీ?"



మా ఆయన ఊడిపోయిన తలుపుని వెతికి తీసి, ఒళ్ళో పెట్టుకుని, "అవునమ్మా, పెట్టేవారు కాదు" అన్నారు.