కరపత్రం కోసం బయటికొచ్చిన మైక్రోస్కోప్

మదనపల్లెలో నేను బయాలజీ చెప్పే ప్రైవేటు కాలేజీలో ఈ రోజు బీరువాలోంచి మైక్రోస్కోప్ బయటికొచ్చింది. పాఠం కోసం కాదు, అడ్మిషన్ల కరపత్రంలో ఫొటో కోసం. తెల్లకోటు తొడిగి కూర్చోబెట్టిన మా విద్యార్థిని షాహీన్ అందులోకి చూసి, "సార్, స్లైడే పెట్టలేదు, ఏమీ కనపడలే" అంది.

"ఫొటోలో అదెవురికి తెలస్తాదమ్మా? ఆశ్చర్యపోయినట్ల నవ్వు" అన్నాడు ప్రిన్సిపాల్.

"ఏమీ కనపడకుండా యాల నవ్వాల సార్?"

ఆయన ఆ పిల్లను లేపేసి, కోటు తనే తొడుక్కుని, మైక్రోస్కోప్ మీదికి వంగి, రెండు కళ్లూ గట్టిగా మూసుకుని నవ్వాడు. ఫొటో అయ్యాక, పిల్లలకు అందులో ఉల్లిపొర చూపిస్తాను, ఒక్క గంట బయట ఉంచమన్నాను.

"ఎంట్రన్సులో అది అడగరు కదప్పా" అంటూ బీరువాకు తాళమేశాడు.

మీ పిల్లల కాలేజీ కరపత్రంలో ఎవరు నవ్వుతున్నారో కాస్త చూసి చెప్పండి.