రౌతు ఎక్కిన పెళ్లిగుర్రం

సిరిసిల్లలో మా పెద్దబాపుకు, అంటే మా నాన్న అన్నకు, సాంచెల షెడ్డు ఉండేది. మరమగ్గాలను మా దగ్గర సాంచెలంటారు. వాటి రొదలోనే పుట్టి, వాటి రొదలోనే ముసలివాడవుతున్న ఆ మనిషి, మన తాతముత్తాతలు రౌతులనీ గుర్రాలెక్కి యుద్ధాలు చేశారనీ కోతలు కోసేవాడు. గుర్రం సంగతి దేవుడెరుగు, మా ఇంటికి సైకిలే మా నాన్న కాలంలో వచ్చింది.

నేనప్పుడు జగిత్యాలలో తెలుగు చదువుతున్నాను. ఆయన కోతలు బయటపెడదామని కాలేజీలో నిఘంటువు తిరగేశాను. రౌతు అంటే గుర్రపు సైనికుడు. సంస్కృతంలోని రాజపుత్రుడు ప్రాకృతంలో అరిగి అరిగి మన దగ్గరికి రౌతుగా వచ్చాడు. రాజు కొడుకు కాస్తా జీతానికి గుర్రమెక్కే సిపాయి అయ్యాడన్నమాట. ఇది చెబితే తగ్గుతాడనుకున్నాను. అయితే మనం రాజు కొడుకులమేనని ఆయన మరింత పొంగిపోయాడు. నా చదువు అక్కడికి సరిపోయింది.

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజులవి. బంద్ అంటే ఊరంతా రోడ్డు మీదే వండుకు తినేది. అలాంటి ఒక బంద్ నాడు పెద్దబాపు షట్టరు సగం దించి తానే సాంచెలు నడిపాడు. ఆ రొద దాస్తే దాగేదా? మర్నాటి నుంచి షెడ్డులో పనివాళ్లు ఆయనతో మాట్లాడటం మానేశారు. వచ్చేవారు, పనిచేసేవారు, పోయేవారు. పాపం, ఆయనకు అన్నం సయించలేదు.

దానికి ఆయన కనిపెట్టిన మందు గుర్రం. వచ్చే ర్యాలీలో జెండా పట్టుకుని ముందు నడిచేది తానేనని చెప్పి, కోరుట్ల నుంచి బరాత్ గుర్రాన్ని కిరాయికి తెప్పించాడు. మా ఊరి పెళ్లిళ్లన్నిటికీ వచ్చేది అదే. పెద్దమ్మ తిట్టింది, నేను నవ్వాను. ఆయన తలపాగా చుట్టుకుని ఎక్కాడు.

డప్పు మోగగానే గుర్రం తనకు తెలిసిన పని చేసింది. కాసేపు ఆడింది. చౌరస్తాలో ర్యాలీ కుడికి తిరిగితే అది ఎడమకు తిరిగి, జనాన్ని వదిలేసి, తిన్నగా ఫంక్షన్ హాలుకు బయల్దేరింది. డప్పు వింటే అది చేరాల్సిన చోటు అదే మరి. అరెస్టు చేసిన వాళ్లను పోలీసులు తెచ్చి పెట్టేది కూడా అందులోనే. కాపలా కానిస్టేబుల్ సెల్యూట్ కొట్టబోయి సర్దుకున్నాడు. ఆలోగా గుర్రం గేటు దాటేసింది.

లోపల, పొద్దున్నే పట్టుకొచ్చిన వాళ్లలో మా షెడ్డు పనివాళ్లూ ఉన్నారు. అందరిలో పెద్దవాడు లేచి నిలబడ్డాడు.

"సేటూ, మాకోసమే అచ్చినవా?"

వెనకాలే పరిగెత్తుకొచ్చిన నేను, ఇక మొదలవుతుంది పురాణం అనుకున్నాను. అవునంటే చాలు, ఆయన పరువు నిలబడుతుంది.

పెద్దబాపు అతి కష్టం మీద దిగాడు.

"నేను రాలే తమ్మీ. గుర్రం తెచ్చింది. గా బంద్ నాడు నేను చేసింది తప్పే."

ఆయన్ని చూసి నాకు గర్వంగా అనిపించింది, మొదటిసారి. ఎవరూ నవ్వలేదు. కాసేపటికి ఇన్‌స్పెక్టర్ వచ్చి, ముసలాయన పొరపాటున వచ్చాడట, ఇంటికి పంపేయమన్నాడు. పెద్దబాపు కదల్లేదు. కానిస్టేబుల్ రెక్క పట్టుకోబోతే ఆ పెద్ద పనివాడే అడ్డం వచ్చాడు.

"ఉండనియ్యుండ్రి సార్. మా మనిషే."