పాత జావా ఊడ్చిన యాకమ్మ

పాలకుర్తి చౌరస్తాలో ఎరువుల దుకాణం పైన ఒక కంప్యూటర్ సెంటర్ ఉండేది. అందులో తొమ్మిది మిషన్లు, ఒక యజమాని, ఒక మాస్టరు, ఒక చీపురు. యజమాని శివప్రసాద్ జనగామలో తరతరాలుగా పప్పుల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినవాడు. మాస్టరు యుగేందర్ హన్మకొండ నుంచి రోజూ బస్సులో వచ్చి పోయేవాడు. చీపురు యాకమ్మది. మాస్టరు రాకపోయినా ఒక పూట గడుస్తుంది గానీ చీపురు రాకపోతే గడవదని ఆమె అందరి ముందే అనేది. శివప్రసాద్ విననట్టు ఫోను చూసుకునేవాడు.

యాకమ్మకు ముప్పై నాలుగేళ్లు. కొడకండ్ల పక్క పల్లె నుంచి షేర్ ఆటోలో వచ్చేది. ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా నోరు మూసుకోదు కాబట్టి డ్రైవర్ ఆమె కోసం రెండు నిమిషాలు ఆగేవాడు. ఆరేళ్లుగా ఆ సెంటర్ ఊడుస్తోంది. నడి గది ఎవరైనా ఊడుస్తారనీ, అసలు పనితనం బీరువా కిందా బల్లల వెనకా తెలుస్తుందనీ ఆమె నమ్మకం. ఊడుస్తూ ఊడుస్తూ పాఠాలన్నీ వినేసింది. ఒకరోజు యుగేందర్ బోర్డు మీద ప్రోగ్రాం రాస్తుంటే, తడిగుడ్డ పిండుకుంటూనే, "సారూ, మూడో లైన్ల బ్రాకెట్ మూసుకోలె. గేటు తెరిచి పెడితే కుక్కలు జొరబడ్తయ్" అంది. పాఠం వింటున్న ఆడపిల్లలు వారం రోజులు నవ్వారు. యుగేందర్ వారం రోజులు నవ్వలేదు.

ఆ తర్వాత ఆమె నేరుగా శివప్రసాద్ దగ్గరికి వెళ్లి, ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ పాసైన కాగితం బల్ల మీద పెట్టి, తననూ కంప్యూటర్ డిప్లొమాలో చేర్చుకొమ్మంది. ఆయన కాసేపు కాగితాన్నీ కాసేపు చీపురునూ చూశాడు. "చదువుకో యాకమ్మా, గని ఊడ్సుడు బంద్ జెయ్యొద్దు" అన్నాడు. ఏడాది గడిచేసరికి ఆయనకే ఇంకో ఆలోచన వచ్చింది. ప్రాక్టికల్ పరీక్ష పాసైతే పొద్దుటి బ్యాచ్‌కు ఆమెనే పాఠం చెప్పమన్నాడు. తప్పితే జనగామ నుంచి వేరే మనిషిని తెస్తానన్నాడు. ఆ మాట విన్న రోజు యాకమ్మ ఆటోలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. డ్రైవర్ భయపడి, పానం బాగా లేదా అని అడిగాడు.

అది ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న ఏడు. బస్సులు డిపోలు దాటడం లేదు. బొగ్గు బాయిలు ఆగిపోయి కరెంటు గంటల లెక్కన వస్తోంది. పొద్దున పది నుంచి పన్నెండు, మళ్లీ రెండు నుంచి నాలుగు. బడులు మూతపడ్డాయి గానీ డిప్లొమా ఇచ్చే ప్రైవేటు బోర్డు మాత్రం పరీక్ష తేదీ మార్చలేదు. పరీక్షాధికారి స్కూటర్ మీదైనా రెండింటికి వస్తాడని కబురు పంపింది. ఆ రోజు జరగకపోతే మళ్లీ వచ్చే ఏడాదే.

సరిగ్గా ఆ ముందు వారమే యుగేందర్ కొంప ముంచాడు. ప్రోగ్రాంలు రాసే భాష పేరు జావా. అందులో రాసింది నడవాలంటే మిషన్‌లో జావాను ఎక్కించాలి. అప్పటిదాకా అన్నిట్లో ఆరో వెర్షన్ ఉండేది. కొత్తగా ఏడోది వచ్చిందని వినగానే యుగేందర్ ఒక్క పూటలో తొమ్మిదింటికీ ఎక్కించి, ఆరోదాన్ని తీయకుండా వదిలేశాడు. ఇక పిల్లలు ఏం రాసినా ఏడోది తయారు చేసి పెట్టడం, నడిపే వేళకు ఆరోది ముందుకొచ్చి, ఇది నాకు చదవరాదని ఎర్రగా రాసి పారేయడం. యుగేందర్ కంట్రోల్ ప్యానెల్‌లోకి పోయి ఆరోదాన్ని తీసేశాడు. అయినా అదే ఎర్ర రాత. మళ్లీ తీశాడు, మళ్లీ అదే. ఆ మర్నాటి నుంచే బస్సులు ఆగిపోయి ఆయన హన్మకొండలో చిక్కుకుపోయాడు. ఫోన్‌లో మాత్రం, "అన్ని ఫార్మాట్ కొట్టాలె. నేనచ్చేదాంక ఎవ్వలు ముట్టొద్దు" అని హుకుం జారీ చేశాడు.

పరీక్ష రోజుకీ యుగేందర్ రాలేదు. పదింటికి కరెంటు రాగానే యాకమ్మ కొంగు బిగించి ఒకటో నంబరు మిషన్ ముందు కూర్చుంది.

"ముట్టొద్దన్నడు గదనే" అన్నాడు శివప్రసాద్, పరేషాన్ అయిపోతూ.

"ముట్టకుండ ఊడ్సుడు నాకు రాదు సార్. ఆయన నడి అర్ర ఊడ్సి పోయిండు. నేను బీరువా కింద చూస్త."

చూసింది. కంట్రోల్ ప్యానెల్‌లో ఆరోది పోయింది నిజమే. కానీ వెనక విండోస్ సొంత ఫోల్డర్‌లో దాని ఫైలు ఒకటి మిగిలిపోయి ఉంది. ప్రోగ్రాం నడపమనగానే మిషన్ ముందు ఆ ఫోల్డర్‌లోనే వెతుకుతుంది. పాతది అక్కడే కూర్చుని, నేనున్నానుగా అంటోంది. యాకమ్మ దాన్ని తీసేసింది. దారి చూపే జాబితాలో పాత చిరునామా కొట్టేసి కొత్తది రాసింది. మిషన్ ఆపి మళ్లీ మొదలు పెట్టింది. వెర్షన్ అడిగితే ఏడు అని వచ్చింది. గీతాంజలి అనే పిల్ల రాసిన ప్రోగ్రాం గడగడా నడిచింది. యాకమ్మ లేచి నిలబడి ఆ మిషన్‌కు దండం పెట్టింది.

ఇక ఎనిమిది మంది ఆడపిల్లలనూ తలా ఒక మిషన్ దగ్గర కూర్చోబెట్టింది. ఆ మిషన్లు ముసలివి, ఒక్కో నొక్కుడుకు నాలుగు నిమిషాలు ఆలోచిస్తాయి. తొమ్మిదోది యాకమ్మది, దాన్ని చివర చూసుకోవచ్చనుకుని, గది ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూ చెప్పసాగింది. కింద చౌరస్తాలో సమ్మె వాళ్ల వంటావార్పు జరుగుతోంది. రోడ్డు మీదే పొయ్యిలు, డప్పులు, నినాదాలు. ఆ మోతలో పిల్లలకు ఏమీ వినపడటం లేదు. యాకమ్మ గొంతు పెంచింది. ఇంకా పెంచింది. కిటికీ దగ్గరి మిషన్ ముందు నిలబడి, ఉన్న బలమంతా పెట్టి అరిచింది.

"పాత జావ మొత్తం తీసి పారెయ్యుండ్రి! పాతదాంట్ల కొత్తది కలిసిందంటే ఆగమే!"

ఖర్మ, సరిగ్గా అప్పుడే డప్పు ఆగింది.

రెండు నిమిషాల్లో మెట్ల మీద దబదబమని అడుగులు. ముందు మొండయ్య, చేతిలో గరిటె. ఊరి వంటావార్పులకు ఆయనే పెద్ద వంటవాడు. వెనక పదిహేను మంది.

"ఏం పడ్డదే బిడ్డా జావల? బల్లి పడ్డదా?"

"ఏ జావ బాపూ?"

"గిదేంది, నువ్వే గద మొత్తుకున్నవ్! నిన్నటి తైదల జావ మంచిగ పులిసింది, దాంట్ల కొత్తది కలుపుతున్నం. నీ మాట విని గంగాళం గంగాళమే మోరీల పారబోసినం!"

యాకమ్మ తప్పయిందని చెప్పాల్సింది. కానీ ముందు నవ్వు వచ్చేసింది, ఆపుకున్న కొద్దీ ఎక్కువైంది. మొండయ్య ముఖం కందగడ్డ అయింది. వెనకున్న ఒకాయన గోడ మీద అతికించిన పరీక్ష నోటీసు చదివాడు. "సమ్మె నడుస్తుంటే పరీక్షేంది? బంద్ జేయిపియ్యుండ్రి!" అన్నాడు. నలుగురు అవునన్నారు. శివప్రసాద్ సెంటర్ మూసేద్దామని తాళంచెవి జేబులోంచి తీశాడు.

తాళంచెవి చూడగానే యాకమ్మ నవ్వు ఎగిరిపోయింది. ఏడాది చదువు ఆ చెవికి వేలాడుతోంది.

"బాపూ, జర గిటు సూడు" అని మొండయ్య చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరి మిషన్ ముందు నిలబెట్టింది. "గీ డబ్బాల గూడ జావనే. రెండున్నయ్. పాతదొకటి, కొత్తదొకటి. మా పొల్లలు రాసేది కొత్తదాని తీర్ల. గని నడిపే పెత్తనం పాతదాని చేతిల ఉన్నది. మనం రాసింది దానికి సదువరాదు. సదువరాదని సప్పుడు జెయ్యకుండ ఉంటదా? తప్పు మీదే అంటది."

"మరి పొమ్మనరాదే!"

"పొమ్మన్నం. పోయిన అని రాసిచ్చింది. చూస్తే లోపటి అర్రల్నే కూసున్నది."

మొండయ్య గరిటెతో గడ్డం గీరుకున్నాడు. "ఇగో, గిది మన కథనే ఉన్నట్టున్నది" అన్నాడు నెమ్మదిగా. వెనక ఎవరో పకపకా నవ్వారు.

"అందుకే ఇడగొడ్తున్న. ఎవ్వల్ని కొడతలేం, తిడతలేం. ఎవలింట్ల వాళ్లుండాలె, అంతే. పన్నెండింటికి కరెంటు పోతది. గప్పటిదాంక నన్ను చేసుకోనియ్యుండ్రి. పోయినంక నేనే దిగొచ్చి జావ కాస్త, మా పొల్లలు గూడ మీ పంక్తిలనే కూసుంటరు."

"అయితే ఇడగొట్టు!" అన్నాడు మొండయ్య, తీర్పు ఇస్తున్నట్టు. "జై తెలంగాణ!" అని గది దద్దరిల్లేలా అరిచి అందరూ దిగిపోయారు. ఒకాయన మాత్రం ఆగి, కొత్తది ఎన్నాళ్లు పనిచేస్తుందని అడిగాడు. ఎనిమిదోది వచ్చేదాకానని యాకమ్మ చెప్పింది. ఆయన ఆలోచించుకుంటూ పోయాడు.

ఈ పంచాయితీకి ఇరవై నిమిషాలు పోయాయి. పన్నెండింటికి కరెంటు పోయేసరికి ఎనిమిది మిషన్లు శుభ్రమయ్యాయి. తొమ్మిదోది అలాగే ఉండిపోయింది.

యాకమ్మ నల్లబడిన తన తెరను ఒక్కసారి చూసి, మాట ఇచ్చింది కనుక కిందికి దిగింది. గంగాళం ముందు నిలబడి తైదల పిండి, అదే రాగిపిండి, కలుపుతుంటే చేతులు ఆడుతున్నాయి గానీ మనసంతా పైన తొమ్మిదో నంబరు దగ్గరే ఉంది. ఒకటిన్నరకు పరీక్షాధికారి స్కూటర్ మీద వచ్చాడు. ఆయనది గుంటూరు వైపు, ఉద్యోగం వరంగల్‌లో. జనం ఆయన్ని ఆపి, కూర్చోబెట్టి, గిన్నె నిండా పోశారు.

"ఏమిటండీ ఇది?"

"జావ సార్" అంది యాకమ్మ. "పరీక్ష గూడ దానిదే గద, మొదలు తాగి సూడుండ్రి."

ఆయన నవ్వకూడదనుకున్నాడు గానీ మూతి మాట వినలేదు.

రెండింటికి కరెంటు వచ్చింది. ఇరవై మంది విద్యార్థుల మార్కులు తీసుకుని వరుసలో పెట్టే ప్రోగ్రాం రాయమన్నాడు పరీక్షాధికారి. సిస్టమ్ సెట్టింగులు ఎవరూ ముట్టుకోకూడదని చెప్పాడు. యాకమ్మ లేచింది.

"సార్, నా మిషన్ల ఇంక పాతది ఉన్నది. ముందుగాల ఊడ్సుకోవాలె."

"ఊడ్చడం ఏమిటమ్మా? తొలగించడం అనాలి."

"మీరు తొలగించుండ్రి సార్, నేను ఊడుస్త. అది పోవుడైతే పోవాలె గద."

"పోయేది మీ టైమే. అదనంగా ఒక్క నిమిషం ఇవ్వను. సెట్టింగులు మార్చారని రాసుకుంటాను కూడా."

రాసుకున్నాడు. యాకమ్మ ఊడ్చడం మొదలు పెట్టింది. ముసలి మిషన్ నలభై నిమిషాలు తిన్నది. పక్కన ఒక్కో పిల్ల ప్రోగ్రాం నడిపి చూపిస్తోంది, ఆయన ఒక్కో కాగితం మీద టిక్కు పెడుతున్నాడు. మూడున్నరకు ఎనిమిది టిక్కులు. యాకమ్మ వేళ్లు పరుగెత్తుతున్నాయి. నాలుగింటికి ఆరు నిమిషాలు ఉందనగా చివరి లైను రాసింది. తయారు చేయడానికి మిషన్ అయిదు నిమిషాలు తీసుకుంది, తప్పేమీ రాలేదు. నడపమని మీట నొక్కింది.

కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీలు ఎప్పుడో చచ్చాయి కనుక తెర టప్పున నల్లబడింది.

పరీక్షాధికారి నిజంగానే నొచ్చుకున్నాడు. "నేను చూసినదానికే మార్కులు వేయగలనమ్మా. మీది చూడలేదు" అన్నాడు.

యాకమ్మ లేచి నిలబడింది.

"మీరేం చూసిండ్రు సార్?"

"ఎనిమిది మిషన్లు నడిచాయి. ఎనిమిది అవుట్‌పుట్‌లు చూశాను."

"పొద్దుగాల గా ఎనిమిదిట్ల ఒక్కటి గూడ నడువలె సార్. పాతదాన్ని ఎక్కడున్నదో చూసి ఊడ్సింది నేను. మీరు చూసినయన్ని నా అవుట్‌పుట్లే."

పరీక్షాధికారి పిల్లల వైపు తిరిగాడు. గీతాంజలి లేచి, "నిజమే సార్. యాకమ్మక్క లేకుంటే మాకు పరీక్షనే లేదు" అంది. మిగతా ఏడుగురూ లేచారు.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆ మిగిలిపోయిన ఫైలు ఎక్కడ దొరికిందో చెప్పండి" అన్నాడు. ఆమె చెప్పింది. ఎందుకు అక్కడే ముందు వెతుకుతుందో అడిగాడు. అదీ చెప్పింది. పావుగంట అడిగాడు, పావుగంట చెప్పింది, అంతా ఊడ్చే భాషలోనే. ఈసారి ఆయన ఒక్క మాటా దిద్దలేదు. తర్వాత తన కాగితం మీద సెట్టింగులు మార్చారని రాసిన వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, దాని పక్కన అంకె వేశాడు. ఆ గదిలో అందరికంటే పెద్ద అంకె అదే.

శివప్రసాద్ మెడ సాచి చూసి, "రేపు పొద్దుటి బ్యాచ్ ఎనిమిదింటికి, యాక... మేడం" అన్నాడు. మేడం ఎవరా అని వెనక్కి తిరిగి చూసిన యాకమ్మ, వెనక గోడ తప్ప ఎవరూ లేకపోవడంతో, కుర్చీలో కూలబడి అందరి ముందే భోరున ఏడ్చింది.