కొత్త వాసన కనిపెట్టిన మా ఆయన

మెదక్‌లో మాకు ఎరువుల దుకాణం ఉంది. ఈ మధ్య మా ఆయనకు ఖరీదైన సిగార్లు తాగుతూ, వాటి రుచీ వాసనా వివరిస్తూ ఫోన్‌లో వీడియోలు తీసే పిచ్చి పట్టుకుంది. నా వంటకు మాత్రం వంక పెట్టకుండా ఏనాడూ తినడు.

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి తలుపు తీయగానే గ్యాస్ వాసన గుప్పుమంది. ఆయన పెట్టిన చాయ్ పొంగి స్టవ్ ఆరిపోయింది. గాలికి సిగార్ సరిగ్గా కాలదని కిటికీలన్నీ మూసేసి, ఈయన హాల్లో ఫోన్ ముందు కూర్చున్నాడు. వెలిగించని సిగార్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఫ్రెండ్స్, దీంట్ల కొత్త వాసనొకటి వస్తుంది. కుళ్లిన ఉల్లిగడ్డ లెక్క, జర ఘాటుగ. మస్తున్నది. ఇగ ముట్టిద్దాం" అంటూ అగ్గిపుల్ల తీశాడు.

ఉరికిపోయి అగ్గిపెట్టె గుంజుకున్నాను. "గ్యాస్ లీకైతుందయ్యా! ఇల్లు కాలబెడ్తవా?" అని అరిచాను. సిలిండర్ కట్టేసి, కిటికీలన్నీ తెరిచాను.

"మంచిగొస్తున్న వీడియో ఖరాబు జేసినవ్ గదనే" అన్నాడు ఆ మహానుభావుడు.

ఈ ముక్కేనా ఇన్నాళ్లూ నా కూరలకు మార్కులేసింది!

ఆ వీడియో ఆయన తీసేసేలోపే నా ఫోన్‌లోకి పంపుకున్నాను. ఇప్పుడు కూరకు వంక పెట్టగానే పళ్లెం పక్కన అది పెడతాను. వీడియోలో ఉల్లిగడ్డ మాట రాకముందే తినేసి చెయ్యి కడుక్కుంటాడు.