డెబ్బైకి ఎన్నేళ్లు తక్కువ

రెండు వేల ఐదో సంవత్సరం, ఎండాకాలం. కర్నూలులో జిల్లా ఆరోగ్య కార్యాలయంలో నేను స్టాటిస్టికల్ అసిస్టెంటుని. జిల్లాకు ఒకే ఒక ఎక్స్‌రే వ్యాను వచ్చింది. దాన్ని ఎక్కడ తిప్పాలో సోమవారం మీటింగులో తేల్చాలి. ఛాతీ జబ్బులతో అకాలంగా పోతున్నవాళ్లు ఎక్కడ ఎక్కువో పట్టిక వెయ్యమని పెద్ద డాక్టరు గారు నాకు చెప్పారు.

రెండు రకాలుగా వేశాను. డెబ్బైలోపు పోయినవాళ్లను తలకు ఒకటని లెక్కిస్తే కర్నూలు టౌను పైకొచ్చింది. అక్కడ అరవై దాటి దగ్గుతో పోయేవాళ్లు ఎక్కువ. అలా కాకుండా, ఒక్కొక్కరూ డెబ్బైకి ఎన్నేళ్లు తక్కువగా పోయారో ఆ ఏళ్లు కూడితే, డోన్ వైపు పలుగురాళ్లు పిండి చేసే మిల్లుల ఊరు పైకి రావాలి; ఆ పిండి పీల్చి అక్కడ చిన్న వయసువాళ్లే పోతున్నారని విన్నాను. రాలేదు. ఆ ఊరి మరణాల రిజిస్టరులో పోయిన మగవాళ్లందరికీ వయసు యాభయ్యే.

శనివారం డాక్టరు గారు ఆ పేజీ చూసి, "అందరూ యాభైకే పోతారా? రేపు పోయి చూసి రా. రుజువు లేకుంటే మీటింగులో నోరెత్తొద్దు" అన్నారు.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. మొదటి ఇంట్లో ఒక తల్లి చేటలో శెనక్కాయలు ఏరుతోంది. కొడుకు వయసు అడిగితే ముఖం గట్టిపడింది.

"సచ్చినోని వయసు నీకేం పనప్పా?"

రిజిస్టరులో యాభై అని ఉందన్నాను. చేట పక్కన పెట్టి లేచింది.

"యాభయ్యా? నాకే యాభై దాటి రెండేండ్లు. ఎవురు రాసినోడు?"

లోపలికి పోయి ట్రంకుపెట్టెలోంచి బడి సర్టిఫికెట్టు తెచ్చింది. పుట్టిన తేదీ నుంచి పోయిన నాటికి లెక్కేశాను. ముప్పై ఒకటి.

"ఎముకలగూడై పోయినాడు, ముసిలోడనుకోని రాసింటారు" అంది. "ఇప్పుడు దిద్దితే ఏమొస్తాది?"

సర్టిఫికెట్టులోని తేదీ నా పుస్తకంలో రాసుకున్నాను. చీకటి పడేలోపు తొమ్మిది ఇళ్లు తిరిగాను. పోయినవాళ్లలో ఒక్కరూ నలభై దాటలేదు.

సోమవారం రెండో పట్టికలో ఆ ఊరు అన్నిటికంటే పైన ఉంది. నేను చదువుతుంటే టౌను ఆసుపత్రి డాక్టరు ఒకాయన అడ్డుకున్నారు.

"మా నాయన డెబ్బై రెండుకు పోయినాడు. నీ లెక్కలో ఆయన సున్నానా?"

మొదటి పట్టిక కూడా తీసి ఆయన ముందు పెట్టాను.

"సున్నానే సార్. మొదటి పట్టికలోనూ ఆయన లేరు. డెబ్బై అనేది మనం గీసిన గీత, అది తప్పే కావచ్చు. కానీ ఆ మొదటి పట్టికలో అరవై తొమ్మిదికి పోయినాయనా, ముప్పై ఒకటికి పోయినాయనా ఒకటే."

పెద్ద డాక్టరు గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. వారంలో మూడు రోజులు మిల్లుల ఊరికి, మిగతావి టౌనుకు అని రాశారు.

మొదటి రోజు వ్యాను దగ్గరికి ఇద్దరే వచ్చారు. పని మానుకుంటే కూలి పోతుంది. మర్నాడు వ్యానును మిల్లు గేటు ముందుకు తెచ్చి నిలబెట్టాం. అన్నం బెల్లు కొట్టగానే మగవాళ్లు, ఆడవాళ్లు కనురెప్పల దాకా తెల్లటి పిండితో బయటికొచ్చి, ఒకరినొకరు చూసుకుంటూ వరసలో నిలబడ్డారు.