దేవవ్వ పెట్టిన విస్తరి

లక్సెట్టిపేట దాపున, గోదావరి ఒడ్డు గూడెంలో దేవవ్వ అంటే ఉత్త మనిషి కాదు. ఆ గూడెంలో అందరికంటే ముందుగాల బాప్తిస్మం తీసుకున్న ఆడమనిషి. వయసు ముదిరినంక అక్షరాలు దిద్ది బైబిలు చదివింది. పటేలుకు ఎదురు నిలబడి గూడేనికి మంచినీళ్ల బాయి తవ్విపిచ్చింది. గడ్డి కప్పిన గుడికి పెంకులు ఎక్కిపిచ్చింది. రజాకార్ల కాలంలో మగవాళ్లంతా అడవి పడితే, ఆదివారం ప్రార్థన తప్పకుండ తానే నడిపిచ్చింది. గూడెంలకు కల్లుకుండ రావాలంటే దేవవ్వ ఇంటి ముందటి బాట విడిచి చుట్టు తిరిగి రావాలె. ఇసొంటి పనులు ఇంకొకరు చేసి చూపించుమను!

ఆ పేరుకు తగ్గ కోపం కూడ ఉండేది. ఒకయేడు అదే గూడెం కొమురవ్వ పెనిమిటి సచ్చిపోతే, మూడోనాడు ఆమె పాత పద్ధతిల విస్తరేసి అన్నం పెట్టి కాకి కోసం చూసింది. పిట్ట ముడితే పోయినోని కడుపు నిండినట్టు, ముట్టకపోతే ఏదో కొరత మిగిలినట్టు. విశ్వాసులకు అది కూడదు. దేవవ్వ పోయి ఆ విస్తరి లాగి పారేసింది. సంఘంల చెప్పి కొమురవ్వను రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు రాకుండ ఆపిచ్చింది.

దేవవ్వకు ఒక్కడే కొడుకు, బాలమల్లు. బొగ్గుబాయిల పని. ఒళ్లు నొప్పులకని తాగుడు అలవాటు చేసుకున్నడు. ఆంధ్రప్రదేశ్ వచ్చిన మరుసటేడు, ఒకనాడు తాగొచ్చి గడపల నిలబడ్డడు.

"అవ్వా, ఆకలైతుంది. చాపల పులుసు వాసనొస్తుంది, జరంత పెట్టు."

"తాగి నా గడప తొక్కకు. తాగుడు ఇడిసిపెట్టిన్నాడు రా, పెడత."

"అయితే పులుసు దాచిపెట్టు," అని నవ్వి మర్లిపోయిండు. నెల తిరగకముందే బాయిల పైకప్పు కూలి పానం పోయింది.

సమాధి కాడ దేవవ్వ కంట నీళ్లు పెట్టలే. ఎంత గట్టి విశ్వాసం అనుకున్నరు అందరు.

మూడోనాడు పొద్దుగాల ఆమె చాపల పులుసు వండింది. గిన్నె మీద కొంగు కప్పుకొని గోదావరి బండల చాటుకు పోయి విస్తరేసింది. కాకులు అవుతలి తుమ్మ మీద కూసున్నయి గాని ఒక్కటీ దిగలే. ఎండ నెత్తి మీదికొచ్చింది.

"రా బిడ్డా, జరంత ముట్టు. తాగొచ్చినా సరే, రా."

బట్టల మూటతోని వచ్చిన కొమురవ్వ ఆ మాట విన్నది.

"ఎవలకక్కా గీ విందు?"

దేవవ్వ విస్తరికి కొంగు అడ్డం పెట్టింది.

"దాచకు. నా విస్తరి లాగిన్నాడు నీ చెయ్యి ఎంత గట్టిగుండె! గిప్పుడు అదే చెయ్యి విస్తరేసిందా?"

"నువ్వూ లాగెయ్యి కొమురీ. నేనేం అన."

కొమురవ్వ వంగింది. లాగలే. విస్తరి అంచున పడ్డ ఇసుక తుడిచి పక్కన కూలబడ్డది. "గిదేం పెట్టుడు? బాయిల దిగే పోరనికి గింతేనా? ఇంకింత పెట్టు."

అప్పుడు ఏడిసింది దేవవ్వ. మూడు దినాల ఏడుపు ఒక్కపారి ఏడిసింది.

ఇంటికాడ కనబడలేదని వెతుక్కుంటు వచ్చిండు గుడి అయ్యగారు దేవదాస్. విస్తరిని చూసిండు, ఆమెను చూసిండు.

"నన్ను బల్ల కాడికి రానియ్యకుండ్రి అయ్యగారు. గిది తప్పని ఎరుకే. కని పోరన్ని ఆకలితోని పంపిన. దేవుని కాడ గూడ వాన్ని గడప అవుతల్నే నిలబెడితే ఎట్ల?"

దేవదాస్ ఇసుకల కూసున్నడు. "తాగొచ్చినా రా అని పిలుస్తున్నవు గద దేవవ్వ. మన్నుముద్దవు, నీకే గింత జాలి పుట్టె. ఆ జాలిని నీలోపల పెట్టినోనికి తక్కువుంటదా? మనం పలిగే కుండలమని చేసినోనికి తెల్వదా?"

"తాగుబోతును రానిస్తడా?"

"గింత కోపిష్టిదానివి, నిన్ను రానియ్యలేదా?" అన్నది కొమురవ్వ.

ఏడుస్తనే నవ్వింది దేవవ్వ. దేవదాస్ విస్తరి ముందటికి జరిగి, "పొద్దటి నుంచి తిరుగుతున్న, ఆకలైతుంది" అని పులుసు కలుపుకున్నడు.

"అయ్యో, పిట్ట కూడు తింటరా అయ్యగారు!"

"కొడుకుకని వండిన కూడు. బాగున్నది."

బల్ల ఆదివారం నాడు దేవవ్వ ముందట కూసోలే. గోడ పక్క, కొమురవ్వ జతకు నిలబడి విస్తరి సంగతి సంఘానికి తానే చెప్పింది. "నన్ను ఆపుతే ఆపుండ్రి. కొమురవ్వను పిలువుండ్రి." పెద్దలు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. దేవదాస్ రొట్టె పట్టుకొని ఆ ఇద్దరి కాడికే నడిచొచ్చిండు.

"ముందుగాల ఆమెకు," అన్నది దేవవ్వ.

"ఇంకా నీ పెద్దరికమేనా అక్కా," అని గొణిగి కొమురవ్వ దోసిలి పట్టింది.

అటెనుక దేవవ్వ శాన ఏండ్లు బతికింది. బాయి పనోళ్లు తాగొచ్చి ఆమె గడప ముందట ఆగేటోళ్లు. తిట్టుడైతే మానలే. కని ముందుగాల అన్నం పెట్టేది, వాళ్లు చెయ్యి కడుక్కున్నంకనే తిట్టేది.